కష్టకాలమున నూలు సరఫరాదారు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

మన సభలలో నేతగాని కష్టములను గూర్చి విశేషముగా చర్చ జరుగుచుండును. అది యుచితమే, మన జీవనమునకెల్ల మగ్గమే మూలాధారము. కాని మగ్గమునకు నూలు తెచ్చియిచ్చువాడు, రంగు లద్దియిచ్చువాడు, జరీ యిచ్చువాడు, పన్నెలు కట్టియిచ్చువాడు, పడుగు సిద్ధముచేసి యిచ్చువాడు — వీరిని గూర్చి మన వేదికలపై మాటలాడుట అరుదు. వీరు పెద్ద షావుకార్లు కారు. ఇంటి వసారాయే దుకాణము, ఒక త్రాసు, రెండు బీరువాలు, ఒక చిట్టా పుస్తకము — ఇదియే వీరి సంస్థానము. ఇట్టి చిన్న సరఫరాదారు ఆర్థికసంకటము వచ్చినప్పుడు ఎట్లు నిలుచును, ఎట్లు కూలును, నిలిచినవాని నడవడి యెట్టిది యను విషయమును నేడు మీ యెదుట విన్నవింప దలచితిని.

ఈ విషయము చిన్నది కాదు. దేశమునందలి చేనేత కార్మికులు, అనుబంధ కార్మికులు కలిసి 1995 గణనయందు 65 లక్షలకు పైగా నుండిరి. 2009–10 గణనకు వారు 43 లక్షలైరి. 2019–20 గణనకు 35 లక్షలకు దిగిరి. పాతికేండ్లలో దాదాపు సగము మంది ఈ వృత్తిని వీడిరి. నేతగాడు మగ్గము దించుటకు కారణములు పెక్కు గలవు. అందొకటి సమయమునకు నూలు దొరకకపోవుట. నూలిచ్చువాడు కూలినచో వానిపై నాధారపడిన మగ్గములు మరుసటి మాసముననే మూగపోవును. కావున సరఫరాదారుని క్షేమము వాని సొంత లాభనష్టముల విషయము మాత్రమే కాదు.

సరఫరాదారుని స్థానము

నూలు వర్తకుడు రెండు ఱాళ్ల నడుమ నున్నవాడు. పైన మిల్లు, మిల్లువాని ఏజెంటు రొక్కమే యడుగును. క్రింద నేతగాడు, అతడు బట్ట నేసి అమ్మినగాని బాకీ తీర్పలేడు. ఆ బట్ట కొనిన పట్టణపు దుకాణదారు, సరకు అమ్ముడుపోయిన పిదపనే సొమ్మిచ్చెదననును. అనగా పట్టణమున చీర కొనిన గృహిణి చేతి రూపాయి దుకాణదారునికి, అతనినుండి ఆసామికి, ఆసామినుండి నేతగానికి, తుదకు నూలు వర్తకునికి చేరవలెను. ఈ వరుసలో ఎచ్చట ఆలస్యమైనను ఆ భారమంతయు తుదివానిపై బడును. మంచికాలమున ఈ సంగతి కనబడదు. కష్టకాలము రాగానే పై రాయి కదలదు, క్రింది రాయి కదలలేదు, నడుమనున్నవాడు నలుగును.

పూర్వపు కష్టములు

ఇట్టి సంకటములు మనకు క్రొత్తవి కావు. 1861 మొదలు 1865 వఱకు అమెరికా దేశమున అంతర్యుద్ధము జరిగెను. అచ్చటి ప్రత్తి రాక లాంకషైరు మిల్లులు మూతపడగా ఇంగ్లండు మన ప్రత్తిపై నెగబడెను. ప్రత్తి ధర యెగసెను; దానితో నూలు ధరయు నెగసెను. ప్రత్తి రైతునకు ఆ కాలము భాగ్యము దెచ్చెను. నూలు కొని నేయువానికి కష్టము దెచ్చెను. 1865లో యుద్ధము ముగిసి ధరలు కూలగా, ఆ ధరలే శాశ్వతములని నమ్మి పెట్టుబడులు పెట్టిన బొంబాయి వర్తకసంస్థలు పెక్కు కూలిపోయెను. ఎక్కిన ధర దిగకమానదను పాఠము మన పూర్వులకు అప్పుడే తెలిసెను.

1929లో ప్రపంచమాంద్యము వచ్చెను. ధాన్యపు ధర పడిపోయి రైతు బట్ట కొనుట మానుకొనెను. అప్పుడు నూలు లేక కాదు, కొనువాడు లేక మగ్గములు నిలిచెను. ఆచార్య రంగాగారు దక్షిణదేశపు చేనేతవారి ఆర్థికస్థితిని పరిశోధించి 1930లో ఒక గ్రంథమును ప్రకటించిరి. 1935లో మదరాసు రాష్ట్ర చేనేత సహకార సంఘము నెలకొనెను. ఒంటరిగా కొనుటకంటె కలిసి కొనుట మేలను భావము ఆ మాంద్యపు కాలమున బలపడినదే.

రెండవ ప్రపంచయుద్ధమున సంకటము వేఱు రూపమున వచ్చెను. 1943లో ప్రభుత్వమువారు బట్టపై, నూలుపై నియంత్రణాజ్ఞ విధించిరి. నాడు నూలు బంగారమాయెను. దొంగబజారున అమ్ముకొనువానికి లాభము కొల్లలు. కాని వర్తకుడు దాచినది కేవలము నూలు కట్ట కాదు, నేతగాని కూడు. అది నేతగాడెన్నడును మఱువలేడు.

మూడు సంకటములు, మూడు తీరులు: మొదటిది ధర పెరిగినది, రెండవది గిరాకి పడినది, మూడవది సరకు దొరకనిది. ఏది వచ్చినదో గుర్తెఱుగక ఒకే మందు వేయువాడు రోగి నపాయమున బెట్టును.

ఇటీవలి కష్టములు

2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వెలువడెను. నోట్లతోనే నడచు మన పేటలలో వారపు కూలి యిచ్చుటకు సొమ్ము లేకపోయెను. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. అమలులోనికి వచ్చి, తుండు కాగితముపై లెక్క వ్రాసుకొను అలవాటునకు స్వస్తి చెప్పవలసివచ్చెను. ఈ రెండింటినుండి తేఱుకొనుచుండగా 2020 వచ్చెను. మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. సరిగా ఆనాటినుండియే దేశమంతట రాకపోకలు నిలిచిపోయెను. పెండ్లి ముహూర్తముల కొఱకు మాఘఫాల్గుణములలో అరువుపై నూలిచ్చిన వర్తకుని సొమ్మంతయు, అమ్ముడుపోని చీరల రూపమున బీరువాలలో మడతలు పడియుండెను.

పిదప నూలు ధర. 2021 సంవత్సరారంభమున కండి ప్రత్తి, అనగా 356 కిలోలు, సుమారు 45 వేల రూపాయల ప్రాంతమున నుండెను. 2022 మే మాసమున అది లక్ష రూపాయలను దాటెను. ఆ యేడు ముగియకమునుపే మరల బాగుగ దిగెను. పదునెనిమిది మాసములలోపల ఇంత యెత్తు, పిమ్మట ఇంత లోతు! ధర యింకను పెరుగునని అప్పుచేసి నిలువచేసినవాడు దిగుడులో మునిగెను. ధర దిగును గదా యని యేమియు కొనక కూర్చుండినవాడు తన నేతగాండ్రను పోగొట్టుకొనెను. వారమునకు వారము కావలసినంత కొని, కొన్న ధరకు తన కొద్దిపాటి లాభము కలిపి, ధర ఇట్లున్నదని నేతగానికి దాచక చెప్పినవాడు నిలిచెను.

నిలిచినవారి నడవడి

మొదటిది: సొమ్ము తిరుగుడు. దీనిని లెక్కతో చెప్పెదను. ఒక వర్తకుడు నూటికి 12 రూపాయల వార్షికవడ్డీపై లక్ష రూపాయలు తెచ్చి నూలు కొని, నూటికి 3 రూపాయల లాభముపై అమ్మెననుకొందము. సొమ్ము 30 దినములలో తిరిగివచ్చినచో ఏడాదికి పండ్రెండు మార్లు తిరిగి 36,000 రూపాయలు లభించును. వడ్డీ 12,000 పోగా 24,000 మిగులును. అదే సొమ్ము 90 దినములకు గాని రానిచో నాలుగుమార్లే తిరుగును. లాభము 12,000, వడ్డీయు 12,000, మిగులునది సున్న. నాలుగు మాసములైనచో ఏడాదియంతయు పాటుపడి 3,000 రూపాయలు చేతినుండి యిచ్చుకొనవలెను. ఇక వేఱొక వర్తకుడు వ్యాపారమును సగమునకు తగ్గించుకొని, 50,000 రూపాయలతోనే, 30 దినముల వాయిదా తప్పక నడపెననుకొందము. వానికి లాభము 18,000. వడ్డీ 6,000 పోగా 12,000 మిగులును. పెట్టుబడి సగమైనను ఇతడు నిలుచును. పెద్ద పెట్టుబడిగల మొదటివాడు కూలును. కష్టకాలమున పెట్టుబడి సంఖ్యను జూచి మురియరాదు; సొమ్ము ఎన్ని దినములకు ఇల్లు చేరుచున్నదో చూడవలెను. చిట్టా ఆవర్జాలు వ్రాయనివానికి ఈ దినముల లెక్క తెలియదు. తెలియకయే ఎందఱో మునిగిరి.

రెండవది: సరకు తగ్గించుట. మంచికాలమున అన్ని నంబరుల నూలు, అన్ని రంగులు ఉంచుట వర్తకునికి గౌరవము. కష్టకాలమున అది గుదిబండ. నిలిచినవారు తమ పేటలో నిత్యము నడచు రెండు మూడు నంబరులను, నాలుగైదు రంగులను మాత్రమే యుంచి, తక్కినవి పొరుగు వర్తకునితో మార్పిడిపై సర్దుకొనిరి. రంగులు పెద్ద డబ్బాలలో కాక చిన్న పొట్లములుగా నమ్మిరి. పది పడుగుల నూలు ఒకేమారు ఇచ్చుటకు బదులు ఒక పడుగునకిచ్చి, అది దిగిన పిదప మఱియొక పడుగునకిచ్చిరి. 2020లో చీరలకు గిరాకి లేనప్పుడు తువ్వాళ్లకు, దుప్పట్లకు, ముఖమునకు గట్టుకొను మాస్కులకు తగిన నూలు తెచ్చియిచ్చి, ఏమి నేసిన అమ్ముడగునో నేతగానికి తామే చెప్పిన వర్తకులు గలరు. సరఫరాదారు పట్టణపు వార్త మోసికొని వచ్చువాడు కూడ అనుట దీనివలన తెలియును.

మూడవది: ఒకే గుమ్మమును నమ్ముకొనకుండుట. సిరిసిల్ల మరమగ్గముల సంగతి మీరెఱుగుదురు. 2017 మొదలు బతుకమ్మ చీరల కొఱకు ప్రభుత్వమువారిచ్చిన పని అచ్చటి వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టెను. అది మేలే. కాని పేటయంతయు ఆ యొక్క పనికే తగినట్లు మాఱిపోయెను. 2024లో పని ఆగి, బాకీలు నిలిచినప్పుడు మగ్గములతోబాటు నూలిచ్చినవారును, అద్దకపువారును, బండివారును ఒక్కమారే నిలిచిపోయిరి. కొనువాడు ప్రభుత్వమైనను, పెద్ద దుకాణమైనను, తన వ్యాపారములో మూడవవంతునకు మించి యొక్కని చేతిలో బెట్టరాదని నా మనవి.

నాలుగవది: బ్యాంకులో మంచిపేరు. 2020 మే మాసమున కేంద్రప్రభుత్వమువారు చిన్న సంస్థలకు తమ పూచీపై అత్యవసర ఋణము లిప్పించిరి. ఆ సంవత్సరము ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకునకు బాకీయున్న మొత్తములో నూటికి 20 వంతులు, అదనపు తాకట్టు లేకుండ ఇచ్చునట్టి ఏర్పాటది. ఇందొక విచిత్రము గమనింపుడు. బ్యాంకున ఋణమున్నవానికి సహాయము వచ్చెను. ఎన్నడును బ్యాంకు గడప త్రొక్కక, పేటలోని వడ్డీవ్యాపారివద్దనే తెచ్చుకొనువానికి నయాపైస రాలేదు. అక్కఱ వచ్చిననాడు తలుపు తట్టిన తెఱచువా రుండవలెనన్న, అక్కఱ లేనినాడే పరిచయముండవలెను. కొద్ది మొత్తమైనను బ్యాంకున తీసికొని వాయిదా తప్పక తీర్చుట యొక భద్రత.

నేతగాని బాకీ

ఇప్పుడు మిక్కిలి కఠినమైన విషయమునకు వచ్చుచున్నాను. నేతగాడు బాకీపడియున్నాడు, ఈయలేడు. మరల నూలడుగుచున్నాడు. వర్తకుడేమి చేయవలెను? ఇయ్యకున్న మగ్గము నిలుచును, పాతబాకీ మునుగును. ఇచ్చిన క్రొత్తబాకీ పాతదానిపై పేరుకొనును.

నిలిచినవారు చేసినదిది. పాతబాకీని వేఱు పద్దున వ్రాసి, దానికి వడ్డీ నిలిపి, తేఱుకొనిన పిమ్మట కొద్దికొద్దిగా తీర్చునట్లు ఒప్పుకొనిరి. క్రొత్తనూలు ఒక్క పడుగునకు మాత్రమిచ్చి, ఆ పడుగు బట్ట అమ్మగానే దాని సొమ్ము చెల్లింపవలెనని నిర్ణయించిరి. మగ్గము ఆడుచుండెను, పాతబాకీ చావలేదు, క్రొత్తబాకీ పెరుగలేదు.

మఱికొందఱు నూలునకు బదులు బట్టయే తీసికొనిరి. ఇది ఇరువురకు ఉపకారమే. రొక్కము లేనినాడు బట్టయే రొక్కము. కాని ఇందొక విషబీజము గలదని మనసారా చెప్పవలసియున్నది. నూలు ధర వర్తకుడే కట్టును, బట్ట ధరయు వర్తకుడే కట్టును. నేతగాడు రెండుచోట్లను తలయూపవలసినవాడు. సంకటము తీఱిన పిమ్మటను ఈ యేర్పాటు తీఱకున్నచో అది సహాయము కాదు, సంకెల. వర్తకుడు ఎదుటివాని మగ్గమును తన బాకీకి కట్టివేసి బాగుపడితినని తలచును. పదేండ్లకు ఆ నేతగాని కొడుకు పట్టణమున కాపలాపనికి పోవును. మఱి నూలు ఎవనికమ్మును? కావున బట్టకు బట్ట తీసికొనినప్పుడు నాటి బజారు ధర కాగితముపై వ్రాసి, గడువు వ్రాసి, ఇరువురు చెఱియొక ప్రతి యుంచుకొనుట ధర్మము.

మాట, కాగితము

మన పెద్దలు మాటపైననే వేల రూపాయల వ్యాపారము నడపిరి. ఆ కీర్తి మనకు సొత్తు. అయితే పట్టణపు దుకాణదారుని గుమాస్తాకు మన పెద్దల మాట తెలియదు, కాగితము తెలియును. ఈ కాగితమునకు నేడు చట్టపుబలము గలదు.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ లేక చిన్న సంస్థనుండి సరకు కొనినవాడు వ్రాతమూలకమగు ఒడంబడిక యున్నచో అందలి గడువునకు, ఎట్లున్నను 45 దినములు మించకుండ సొమ్మీయవలెను. ఒడంబడిక లేనిచో 15 దినములే గడువు. తప్పినవాడు రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటునకు మూడింతల వడ్డీ, నెలనెల చక్రవడ్డీగా ఈయవలెను. వివాదమున్నచో రాష్ట్రములలోని పరిష్కారమండలికి మొఱపెట్టుకొనవచ్చును. 2023 నాటి ఆర్థికచట్టము ఇంకొక ముడి బిగించెను: ఈ గడువు మీఱి సొమ్ము నిలిపిన కొనుగోలుదారునకు, ఆ మొత్తము నిజముగా చెల్లించిన సంవత్సరముననే ఆదాయపుపన్నులో ఖర్చుగా లెక్కకు వచ్చుననెను. ఈ నియమము 2024 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చెను.

ఇందొక మెలిక గలదు. ఉద్యమ్ నమోదు 2020 జూలై 1న ఆరంభమయ్యెను. కేవలము కొని అమ్ము వర్తకులకు 2021 జూలైలో నమోదు తెఱచిరి గాని, అది బ్యాంకుల ప్రాధాన్యరంగ ఋణములకే పరిమితమాయెను. అనగా అద్దకమువాడు, పన్నెలు కట్టువాడు, పడుగులు చేయువాడు, బట్ట నేయించు ఆసామి ఈ 45 దినముల రక్షణకు పాత్రులు. నూలు కొని అమ్మువాడు కాడు. మఱి వానికేమి మేలందురా? వాని సొమ్ము ఆసామి చేతినుండి వచ్చును; ఆసామి సొమ్ము దుకాణదారునుండి వచ్చును. ఆసామి నమోదు చేసికొని, చీటీపై ఉద్యమ్ సంఖ్య వ్రాసి, 45 దినములలో సొమ్ము రాబట్టుకొనినచో ఆ నీరు క్రింది పొలమునకును పాఱును. కావున నూలు వర్తకుడు తన ఆసాములచే నమోదు చేయించుట పరోపకారమని యెంచవలదు. తన బాకీకి తానే వేసికొను కాలువ యది.

పెద్ద కొనుగోలుదారుపై మొఱపెట్టుకొనిన మరల వాడు మన సరకు కొనునాయని కొందఱు భయపడుదురు. ఆ భయము నిర్మూలమని చెప్పజాలను. ఒంటరివానికది నిజమైన భయమే. అందులకే సంఘము.

సంఘము చేయదగిన పనులు

మహాసభవారి యాలోచన కొఱకు నాలుగు మనవులు సమర్పించుచున్నాను.

1. ప్రతి నేతపేటయందును చిన్న వర్తకులు, ఆసాములు కలిసి మిల్లునుండి సమష్టిగా నూలు కొనుట. పదిమంది కలిసి లారీ నింపినచో ధరయందును, కిరాయియందును కలుగు ఆదాయము పదిమందికి చెందును.

2. సంఘభవనమున వారమునకొక దినము ఉద్యమ్ నమోదునకు, చీటీలు వ్రాయుటకు, పరిష్కారమండలికి అర్జీలు పెట్టుటకు చదువుకొనిన మన యువకులు కూర్చుండుట. గడువు మీఱిన బాకీకి సంఘము పేరిట లేఖ వ్రాయుట. అప్పుడు కోపము ఒక్కనిపై బడదు.

3. పోషకమహాశయుల విరాళములతో నొక సంకటనిధి యేర్పఱచి, మగ్గము నిలిచిపోవు దశలోనున్నవానికి ఒక పడుగునకు సరిపడు నూలు వడ్డీ లేకుండ నిచ్చుట. అన్నదానమునకు, కల్యాణమంటపమునకు ఇచ్చిన చేతులు దీనికిని చాచుదురని నమ్మెదను.

4. వర్తకునికి నేతగానికి నడుమ పాతబాకీల తగవులు వచ్చినప్పుడు ఇరుపక్షముల పుస్తకములు చూచి తీర్చుటకు ముగ్గురు పెద్దల నేర్పఱచుట. నేయువారిలో, రంగు లద్దువారిలో, అమ్మువారిలో అన్య కులములవారును గలరు. ఈ సౌకర్యములు వారికిని తెఱచియుండుట మనకు గౌరవము, వృత్తికి బలము.

సోదరులారా! సంకటము మరల వచ్చును. ఏ యేట వచ్చునో, ఏ రూపమున వచ్చునో చెప్పగలవాడు లేడు. అది ధరను పెంచుచు రావచ్చును, గిరాకిని చంపుచు రావచ్చును. పడుగు పోగులెంత గట్టివైనను పేక లేనిదే బట్ట కాదు. నేతగాడు పడుగైనచో సరఫరాదారు పేక. ఒకటి తెగినచో రెండవది ముడివేయవలెను గాని, తానును తెగరాదు. మంచికాలమున లెక్క వ్రాయుట, కష్టకాలమున నిజము చెప్పుట, బాకీదారుని మగ్గమును బ్రదికించుట — ఈ మూడును గలవాడు పెద్ద పెట్టుబడి లేకున్నను నిలిచెను; ఇకముందును నిలుచునని నా విశ్వాసము.

నా మనవులను తీర్మానములుగా పరిశీలింప గోరుచు, విరమించుచున్నాను.